కళ కోసమే చూశానండీ!

శ్రీకృష్ణుడు పదహారు వేల ఇళ్ళల్లో ఒకే వేళ కనిపించాడని నారదుడు నోరెళ్ళబెట్టాడు. పాపం, ఆయన 1940ల చివర్లో అమెరికా వైపు వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఎలియట్ ఫోర్బ్స్ గారికి సాష్టాంగపడి ఉండేవాడు. ఫోర్బ్స్ గారు ఆరోగ్య ప్రబోధకులు. ఒకే సాయంత్రం, ఒకే గంటకి, ఒకదానికొకటి ఎంతో దూరాన ఉన్న ఊళ్ళ సినిమాహాళ్ళలో వేదికెక్కి, స్త్రీ పురుష శరీర ధర్మాల గురించి గంభీరంగా ఉపన్యసించేవారు. ఒక ఊళ్ళో ఆయనకు బట్టతల, ఇంకో ఊళ్ళో నొక్కుల జుట్టు ఉండి ఉంటే మనం ఆశ్చర్యపోకూడదు. మహిమలంటే అలాగే ఉంటాయి.

ఈ మహిమకు మూలపురుషుడు క్రోగర్ బాబ్ అనే సినిమా వ్యాపారి. 1945లో 'మామ్ అండ్ డాడ్' అని ఒక సినిమా తీయించాడు. తల్లిదండ్రులు చెప్పవలసిన విషయం చెప్పకపోవడం వల్ల ఒక అమాయకపు పిల్ల గర్భవతి అవుతుంది. కథ అంతే. ఆడవాళ్ళ ఆట వేరు, మగవాళ్ళ ఆట వేరు. ఎవరికైనా కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి హాల్లో తెల్లబట్టల నర్సులు. మధ్యలో బొమ్మ ఆపేసి ఫోర్బ్స్ గారు, అంటే ఆ వేషం కట్టడానికి బాబ్ కూలికి పెట్టుకున్న అనేకమంది నటుల్లో ఆ ఊరి వంతుకు వచ్చిన ఒకాయన, ఉపన్యాసం దంచి, చిన్న పుస్తకాలు డాలరుకొకటి చొప్పున అమ్మేవాడు. నల్లవాళ్ళ పేటల్లో అయితే ఆ పనికి ఒలింపిక్ వీరుడు జెస్సీ ఓవెన్స్‌నే దింపారు. ఆ తంతంతా అయ్యాక అసలు సరుకు: కెమెరాకి ఎక్కించిన నిజమైన కాన్పు. సినిమా ఊళ్ళోకి దిగకముందే ఈ పాపిష్టి బొమ్మ మాకొద్దంటూ పత్రికలకీ, చర్చి పెద్దలకీ ఉత్తరాలు వెళ్ళేవి. ఆ ఉత్తరాలు రాయించేదీ బాబే.

జనం కాన్పు రీలు కోసమే వచ్చారు. ఆ సంగతి బాబ్‌కి తెలుసు, జనానికి తెలుసు, నర్సు వేషం కట్టిన అమ్మాయికీ తెలుసు. కానీ రీలు చూడ్డానికి వెళ్ళానని ఇంటికెళ్ళి ఎలా చెప్పడం? ఆరోగ్యోపన్యాసం విన్నానని చెప్పొచ్చు, చేతిలో పుస్తకం కూడా చూపించొచ్చు. బాబ్ సినిమా అమ్మలేదు. సాకు అమ్మాడు. సినిమా దానికి కొసరు. మనవాళ్ళూ తక్కువ తినలేదు లెండి. 1974లో హిందీలో 'గుప్త్ జ్ఞాన్' వచ్చింది. పేరులోనే పాఠం పెట్టుకుని మరీ వచ్చింది. జ్ఞానం కోసం అంతమంది టికెట్లు కొన్న సందర్భం ఈ దేశ చరిత్రలో మళ్ళీ రాలేదు.

రసజ్ఞ శిఖామణీ! ఈ పాత కథ తమరికి ఎందుకు విన్నవించుకుంటున్నానంటే, తమరు కూడా ఉపన్యాసం వినడానికే వచ్చిన బాపతు. చౌక దెయ్యాల సినిమా, రక్తం బకెట్లతో పోసే సినిమా, వానపాట కోసం కథ అల్లిన సినిమా, ఏదొచ్చినా తమరు చూస్తారు. అర్ధరాత్రి చూస్తారు. రెండోసారీ చూస్తారు. చూశానని ఒప్పుకోవాల్సి వచ్చేసరికి మాత్రం గొంతు సవరించుకుంటారు. "అబ్బే, అధ్యయనం కోసం" అంటారు. "ఆ కాలపు సామాజిక ఆందోళనలకు అద్దమండీ" అంటారు. ఏదీ తోచకపోతే "ఊరికే, నవ్వుకోవడానికి" అంటారు. భయమేసిందని మాత్రం చచ్చినా చెప్పరు. బాగుందని అసలే చెప్పరు.

తమరికి బద్ధశత్రువునని చెప్పుకునే నీతి పరిరక్షకుడు ఒకడున్నాడు. ఆయన సాకు ఇంకా ఖరీదైనది. ఆయన ఊరందరి తరఫునా చూస్తాడు. 1980ల మొదట్లో ఇంగ్లండులో వీడియో కేసెట్లు ఇంటింటికీ చేరేసరికి, పిల్లలు చెడిపోతున్నారని పత్రికలు గుండెలు బాదుకున్నాయి. ప్రాసిక్యూషన్ శాఖవారు కేసు పెట్టదగిన సినిమాల జాబితా ఒకటి కట్టారు. చేరినవీ తీసేసినవీ కలిపి దాన్లో 72 పేర్లు తేలాయి. 1984లో చట్టమూ వచ్చింది. ఫలితం? ఏ కేసెట్‌లో ఎంత నెత్తురుందో తెలియక షాపులో తికమకపడే కుర్రాడికి సర్కారువారే కొనుగోలు చీటీ రాసిచ్చినట్టయింది. ఇప్పటికీ ఆ 72 సేకరించడమే జీవితాశయంగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందులో సగం సినిమాలు నిషేధించకపోతే రెండో వారానికి వాటంతటవే చచ్చేవి. అన్నట్టు, మన దేశంలో సెన్సారు సభ్యుడంత భాగ్యశాలి ఇంకొకడు లేడు. మనం చూసిందీ చూస్తాడు, మనల్ని చూడనివ్వనిదీ చూస్తాడు, బయటికొచ్చి బాధగా మొహం పెడతాడు.

ఆయన సంగతి వదిలేయండి, పాతకాలపు మనిషి. తమరి సాకులే నాజూకైనవి.

రాంసే సోదరుల ముచ్చటే తీసుకుందాం. వాళ్ళ నాన్న ఫతేచంద్ ఉత్తమ్‌చంద్ రాంసింఘానీ కరాచీలో రేడియోల దుకాణం నడిపినవాడు. దేశ విభజనతో బొంబాయి వచ్చాడు, ఏడుగురు కొడుకులతో సినిమాల్లో దిగాడు. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' తీస్తే బొక్కబోర్లా పడింది. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగేసుకుని మ్యూజియంలో దొంగతనం చేసే ఘట్టం ఒకటుంది. మిగతా సినిమా అంతా ఆవలించిన జనం అక్కడికి రాగానే నిటారుగా కూర్చుంటున్నారని కొడుకులు కనిపెట్టారు. అయితే మిగతా సినిమా ఎందుకు? ఆ ముక్కే సినిమాగా తీస్తే పోలా? అలా 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. కుటుంబం మొత్తం బస్సెక్కి మహాబలేశ్వర్ వెళ్ళి, దిగిన చోటే తీశారు. ఒక అన్న దర్శకుడు, ఒక తమ్ముడు కెమెరా, ఇంకొకడు శబ్దం, వంటావార్పూ ఇంటి ఆడవాళ్ళది. హిందీ సినిమాలో భూతప్రేతాల యుగం ఇలా మొదలైంది: కొట్టు నడిపినవాడు గిరాకీని చూసినట్టు ప్రేక్షకుణ్ణి చూడటం వల్ల.

1984లో వాళ్ళ 'పురానా మందిర్' దేశమంతా ఆడింది. సామ్రీ అనే రాక్షసుడి తల ఒక పెట్టెలో, మొండెం పాత గుడి వెనకాల. రెండూ కలిశాయా, ఇక చూసుకోండి. సామ్రీ వేషం వేసిన అనిరుధ్ అగర్వాల్ రూర్కీలో సివిల్ ఇంజినీరింగ్ చదివినవాడు. ఇంజినీరింగు చదివి సినిమాల్లో రాక్షసుడు కావడం ఆయనకే చెల్లింది. ఇప్పుడు తమరు అదే సినిమా చూసి, తెగిపడ్డ సామ్రీ తలలో భూస్వామ్య వ్యవస్థ అవశేషాల్ని దర్శించారు. జమీందారు పాడుబంగళా అంటే గతం తాలూకు అపరాధ భావన అని తేల్చారు. ఉండొచ్చు, కాదనను. కానీ పాడుబంగళాకి అద్దె తక్కువ, సున్నం వేయించనక్కర్లేదు అన్న సంగతి కూడా తమరి పరిశోధనలో ఒక పాదసూచికగా చేర్చాలని మనవి.

ఇంత దూరం ఎందుకు, మన ఇంటి దెయ్యాల దగ్గరికే రండి.

దర్శకుడు విఠలాచార్య 'జగన్మోహిని' 1978లో వచ్చింది. అందులో జయమాలిని వేసిన దెయ్యం పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. తెలుగు సినిమా దెయ్యాలు ఆ తరువాత కోట్లు ఖర్చు పెట్టుకుని ఎగిరాయి, గోడలు పగలగొట్టాయి, కంప్యూటర్ల సాయంతో వెయ్యి ముక్కలై మళ్ళీ అతుక్కున్నాయి. ఒక్కదానికీ ఆ కాళ్ళ పొయ్యి ముందు నిలబడే యోగ్యత లేదు. ఎందుకంటే అది వంటింట్లో జరిగింది. రాజుల కోటలో రాక్షసి కనబడితే మనకేం? ఇంటికొచ్చి నిద్రపోతాం. పొయ్యి దగ్గర కనబడితే మర్నాడు పొద్దున్న కాఫీ ఎలా పెట్టుకోవాలి? ఒక పొయ్యి, ఒక నటి, కొంచెం చాకచక్యం, కెమెరాని ఎక్కడ పెట్టాలో తెలిసిన బుర్ర, ఆ సన్నివేశానికి సామగ్రి అంతే.

తమరు దీని మీద వ్యాసం రాస్తే ఏం రాస్తారో నాకు తెలుసు. గృహిణి తన శరీరాన్నే ఇంధనంగా కాల్చి కుటుంబాన్ని పోషించే శ్రమదోపిడీకి ఇది భయానక ప్రతీక అంటారు. ఆలోచన దివ్యంగా ఉంది. నేలక్లాసులో వక్క నములుతూ కూర్చున్న ముసలమ్మ మాత్రం "ఓసి దీని దుంపతెగ, కట్టెల ఖర్చు మిగిల్చిందే!" అని ఉంటుంది. రెండు వ్యాఖ్యల్లో ఏది విఠలాచార్యకు దగ్గరగా ఉందో తమరే ఆలోచించుకోండి. ఖర్చు మిగల్చడమన్నది ఆయన సినిమాల్లో దెయ్యాల నుంచి దర్శకుడి దాకా అందరి మతమూను. కాల్షీట్లు ఇవ్వకుండా తిప్పించే నటుణ్ణి ఆయన కథలో ముని శాపం పెట్టించి ఏ చిలకగానో మేకగానో మార్చి, దానితోనే సినిమా పూర్తి చేసేవాడని మద్రాసు సినిమావాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, మేక పారితోషికం పెంచమనదు, షాటు మధ్యలో డైలాగు మార్చమనదు, తనకంటే పక్కనున్న గొర్రెకు క్లోజప్పులు ఎక్కువ పడ్డాయని అలగదు.

1963లో ఎన్టీ రామారావు 'నర్తనశాల'లో బృహన్నల. అదే ఏడు విఠలాచార్య 'బందిపోటు'లో కత్తి పట్టాడు. మొదటిది తెలుగువారి కీర్తిపతాక. రెండోదాన్ని జనం ఎగబడి చూశారు, కీర్తిపతాకల వ్యాసాల్లో దానికి చోటు లేదు. అదే మనిషి, అదే కండబలం, అదే కంఠం. తేడా అల్లా, ఒకటి చూశానని మేనమామ ముందు చెప్పొచ్చు. విఠలాచార్య బతికున్నన్నాళ్ళూ ఆయన సినిమాలు పిల్లలకీ పామరులకీ అని పక్కన పెట్టినవారే, 1999లో ఆయన పోయాక జానపద బ్రహ్మ అని కళ్ళొత్తుకున్నారు. చచ్చిపోవడం అనేది గొప్ప పాండిత్యం. అది రాగానే మన సినిమాలకు లోతు పెరుగుతుంది.

ఆ మాటకొస్తే ఎడ్ ఉడ్‌ని అడగాలి. హాలీవుడ్‌లో డబ్బు లేకుండా సినిమా తీయడమనే దీర్ఘవ్యాధితో బాధపడ్డవాడు. 'ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్' కోసం ఒక బాప్టిస్టు చర్చివాళ్ళ దగ్గర డబ్బు పుట్టించాడు. డబ్బుతోపాటు వాళ్ళ షరతులూ పుట్టాయి. టైటిల్లో సమాధులు తవ్వడం అన్న మాట ఉందని దాన్ని మార్పించారు, నటుల్లో కొందరికి బాప్తిస్మం కూడా ఇప్పించారు. సినిమా ఫైనాన్సు కోసం ఆత్మను అమ్ముకున్నవాళ్ళు మనకు తెలుసు, ముంచి శుభ్రం చేయించుకున్నది వీళ్ళే. డ్రాకులాగా లోకానికి తెలిసిన బేలా లుగోసీ మీద అంతకుముందే తీసి పెట్టుకున్న కాసిని అడుగుల ఫిల్మ్ ఉంది గానీ, 1956 ఆగస్టులో లుగోసీ కన్నుమూశాడు. ఇంకెవరైనా అయితే నెత్తిన గుడ్డేసుకునేవారు. ఉడ్ ఆ గుడ్డని తీసి, తన భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసే కైరోప్రాక్టర్ మొహానికి కప్పాడు. ఆయన లుగోసీ కంటే బాగా పొడుగు, పోలికలు ఏ కోశానా లేవు. అంగీ అంచు ముక్కు దాకా లాక్కుని సినిమా మిగతా సగం నడిచేశాడు.

1978 డిసెంబరులో అద్దె కట్టలేక ఉడ్‌ని ఇంట్లోంచి బయటికి నెట్టారు. కొద్ది రోజులకే పోయాడు. రెండేళ్ళు తిరగకుండా, 1980లో, మెడ్‌వెడ్ సోదరులు 'గోల్డెన్ టర్కీ అవార్డ్స్' అని పుస్తకం వేసి, పాఠకుల ఓట్లతో 'ప్లాన్ 9'ని చరిత్రలోకెల్లా చెత్త సినిమాగా ప్రకటించారు. అక్కణ్ణుంచి చూడండి వైభవం! కాలేజీల్లో ప్రత్యేక ప్రదర్శనలు, గ్రహాంతరవాసుల పళ్ళెం ఎగిరేటప్పుడు దారం కనబడిందని కేరింతలు. 1994లో టిమ్ బర్టన్ ఆ దౌర్భాగ్యుడి జీవితాన్ని 1 కోటి 80 లక్షల డాలర్లు పోసి సినిమాగా తీశాడు. దానికి రెండు ఆస్కార్లు వచ్చాయి, అందులో ఒకటి లుగోసీ వేషం వేసిన నటుడికి. పెట్టిన డబ్బు కూడా వెనక్కి రాలేదనుకోండి. ఉడ్ 'ప్లాన్ 9'కి పెట్టింది ఏ 60 వేల డాలర్లో. అంటే పేదవాడు తక్కువ డబ్బుతో ఎలా నష్టపోతాడో చూపించడానికి ధనికులు ఎక్కువ డబ్బుతో నష్టపోయారు. ఆ దారం చూసి నవ్వినవాళ్ళలో ఒక్కరైనా 1978లో ఉడ్ ఇంటి అద్దె కట్టి ఉంటే, ఆ నవ్వుకి నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఇక్కడ తమరు తప్పకుండా రోజర్ కార్మన్ పేరు ఎత్తుతారు. ఎత్తాలి కూడా. 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' ప్రధాన చిత్రీకరణ రెండు రోజుల్లో ముగించిన ఘనుడు. వందల సినిమాలు చేతి మీదుగా నడిపించాడు. కొప్పోలా, స్కోర్సేసీ, జొనాథన్ డెమీ, జేమ్స్ కామెరాన్ ఆయన కొట్లో పొట్లాలు కట్టినవాళ్ళే. కాబట్టి ఆయన సినిమాలు గొప్పవి అని తమరి వాదన. అదీ సాకే స్వామీ! కొడుకు కలెక్టరయ్యాడు కాబట్టి తండ్రి పెట్టిన పకోడీ బండి పవిత్రమైందనడం లాంటిదది. పకోడీ బాగుంటే బాగుందని చెప్పరాదా? స్కోర్సేసీ పుట్టకపోయినా కార్మన్ తెర మీద పాకిన పీత రాక్షసులు పీత రాక్షసులే, 'లిటిల్ షాప్'లో మాంసం తినే మొక్క ఆకలి ఆకలే. కార్మన్ అయితే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఒక చేత్తో ఆడవాళ్ళ జైలు సినిమాలు అమ్ముతూ, ఇంకో చేత్తో బెర్గ్‌మన్ 'క్రైస్ అండ్ విస్పర్స్'ని అమెరికాలో విడుదల చేశాడు. బెర్గ్‌మన్‌ని చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ కంపెనీ పేరు తెర మీద పడగానే పక్కకి చూసి ఉంటారు.

మరి ఈ చౌక సినిమాల్లో నిజంగా ఏముంది? ఏమీ లేదని నేను అనను. ఏదో ఉంది కాబట్టే ఇంత రాద్ధాంతం.

మన పెద్ద హీరో సినిమాలో ఇంటర్వెల్‌కి ముందు హీరోని ఇరవైమంది పొడుస్తారు. మనం సమోసా కోసం లేస్తాం. ఎందుకంటే అతను చావడు, అతని పారితోషికమే అతని ప్రాణబీమా. అంత డబ్బు పోసి కొన్న ప్రాణాన్ని ఏ నిర్మాత వదులుకుంటాడు? వదులుకుంటే జిల్లాల్లో కుర్చీలు విరుగుతాయి. అదే 1968లో పిట్స్‌బర్గ్ దగ్గర జార్జ్ రొమేరో అనే వాణిజ్య ప్రకటనల కుర్రాడు స్నేహితులతో కలిసి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు చూడండి, అందులో ఎవడికీ బీమా లేదు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఎవరు చస్తారో, ఎవరు మిగులుతారో చెప్పడానికి మనకు పోస్టరు మీద కూడా ఆధారం దొరకదు. రాత్రంతా శవాల్ని ఎదిరించి నిలిచిన నల్లవాడు బెన్, తెల్లారి కాపాడ్డానికి వచ్చిన మనుషుల తుపాకీకి పోతాడు. లక్షా పద్నాలుగు వేల డాలర్ల సినిమాలో రక్తం బదులు చాక్లెట్ సిరప్. కానీ ఆ ముగింపు చూసి గొంతులో దిగని ముద్ద, ఏ కోట్ల గ్రాఫిక్స్ సినిమా అయినా పెట్టిందా? పేదరికమే అక్కడ భయాన్ని పుట్టించింది. తమరి సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటికంటే ఈ లెక్క సులువు: డబ్బు లేనప్పుడు ఎవరూ సురక్షితం కాదు.

ఆ రొమేరో బృందం సంగతీ అంతే అయింది. విడుదలకు ముందు సినిమా పేరు మార్చారు. కొత్త పేరు తెర మీదకి ఎక్కించేటప్పుడు కాపీరైటు ముక్క ఎగిరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం అది లేకపోతే సినిమా ఊరందరి సొత్తు. ఎవడు పడితే వాడు ఆడించుకున్నాడు, ఎవడు పడితే వాడు కేసెట్లు వేసుకున్నాడు. నడిచే శవాల మీద ప్రపంచం బోలెడు డబ్బు చేసుకుంది, వాటిని నడిపించినవాళ్ళకు మాత్రం రావలసింది రాలేదు. అలా ఊరికే దొరకబట్టే ఇంతమంది చూశారు, చూడబట్టే ఆరాధించారు. తమరు కల్ట్ అని పిలిచే చాలా వాటి వెనక ఇలాంటి ఒక నష్టపోయిన నిర్మాత కూర్చుని ఉంటాడు.

ఇంత పొగిడాను కదా అని మురిసిపోకండి. ఈ వీధిలో మురుగు కూడా ఉంది, అక్కడికి రాగానే తమరి సిద్ధాంతాలు ముక్కు మూసుకుని పక్క సందులోకి తిరుగుతాయి.

1980లో ఇటలీవాడు రుగ్గేరో డియోడాటో 'కానిబల్ హోలోకాస్ట్' తీశాడు. నటుల్ని నిజంగానే చంపేశాడేమోనని కోర్టు అనుమానిస్తే, వాళ్ళు బతికే ఉన్నారని చూపించి బయటపడ్డాడు. ఈ ముచ్చట తమరు ప్రతి సభలో చెబుతారు. కెమెరా ముందు జంతువుల్ని మాత్రం నిజంగానే చంపారన్నది చెప్పేటప్పుడు దగ్గొస్తుంది. బతికున్నామని నిరూపించుకోవడానికి తాబేలుకి ఏ కోర్టూ వాయిదా ఇవ్వలేదు.

1998 నాటి కాంతి షా 'గుండా' ఉంది. ఇంజినీరింగ్ హాస్టళ్ళలో కంప్యూటరు నుంచి కంప్యూటరుకి పాకి, ప్రాసల డైలాగులతో కంఠస్థమై, గొప్ప హాస్య చిత్రంగా పేరు తెచ్చుకుంది. ప్రాసలు నిజంగానే నవ్వొస్తాయి. మిథున్ చక్రవర్తి మొహం చూస్తే ఇంకా నవ్వొస్తుంది. కానీ ఆ ప్రాసల మధ్య ఒకదాని తరవాత ఒకటి జరిగేవి మానభంగాలు. హీరో చెల్లెలితో సహా. అక్కడ గదిలో నవ్వు ఆగిందా, డైలాగు కోసం ముందుకు జరిపారా? సినిమా చెత్తది కాబట్టి అందులో జరిగేది లెక్కలోకి రాదని తమరి సౌకర్యం. చెత్తకుప్పలో ఆడమనిషి కనబడినా అది చెత్తే అనుకుని నడిచిపోయే సౌకర్యం.

మన ఊళ్ళ ఉదయం ఆటల సంగతి ఎత్తాలా? పాత డబ్బింగు సినిమా ఏదో ఒకటి వేసి, దాని మధ్యలో సెన్సారు సర్టిఫికెట్టుతో సంబంధం లేని 'బిట్టు' ఒకటి అతికించేవాళ్ళు. తెర మీద గదిలోకి వెళ్ళే హీరోయిన్ ఒక మనిషి, గదిలో కనిపించేది ఇంకో మనిషి, పరుపు మీద దుప్పటి కూడా వేరే. బిట్టు పడకపోతే హాల్లో ఈలలు, తిట్లు, డబ్బు వాపసు గొడవ. దీన్ని తలచుకుని ఇప్పుడు మధ్యవయసు పెద్దమనుషులు మురిపెంగా ముసిముసి నవ్వులు నవ్వుతుంటారు, ఆహా ఆ రోజులని. ఆ ముక్కలో ఉన్న ఆవిడ ఎవరు? ఆవిడకి ఏం ముట్టింది? తన ముక్కని ఫలానా ఊళ్ళో ఫలానా భక్తి సినిమా డబ్బాలో దాచి తెచ్చి ఆడిస్తారని ఆవిడకి ఎవరైనా చెప్పారా? ఈ ప్రశ్నల మీద పత్రసమర్పణ జరిగిన సదస్సు నాకైతే కనబడలేదు. కల్ట్‌కి దర్శకుడుంటాడు, నిర్మాత ఉంటాడు, విచిత్రమైన విలన్ ఉంటాడు. ఆవిడకి పేరుండదు.

ఇప్పుడు కొత్త వేషం ఒకటి వచ్చింది. చెత్త సినిమాకి ఇంత గిరాకీ ఉందని తెలిశాక, ముందే కన్నుగీటి మరీ చెత్త తీస్తున్నారు. అమెరికాలో సుడిగాలిలో సొరచేపలు ఎగిరే 'షార్క్‌నాడో' 2013లో వచ్చి, నవ్వు ఇంకిపోయాక కూడా మరో అయిదు భాగాలు ఎగిరింది. మనకు 2014లో 'హృదయ కాలేయం' వచ్చింది. అది మన మాస్ హీరోలకు మొహం మీదే అద్దం పట్టింది కాబట్టి దానికో న్యాయం ఉంది. కానీ ఆ వెనక వచ్చిన కన్నుగీటు సరుకంతా ఏమిటి? విఠలాచార్య దారం దాచడానికి శతవిధాలా ప్రయత్నించాడు, అయినా కనబడింది. వీళ్ళు దారం కనబడాలని లైటింగు పెట్టిస్తున్నారు. అతను మనల్ని భయపెట్టాలనుకున్నాడు, వీళ్ళు తమ తెలివికి మనల్ని సాక్షి సంతకం పెట్టమంటున్నారు. ఇంకా విడుదలే కాని సినిమా పోస్టరు మీద 'కల్ట్' అని అచ్చేసుకుంటున్న నిర్మాతల్ని చూస్తే మాత్రం, మామూలు గ్రంథసాంగులు కారని ఒప్పుకోవాలి. పిల్ల పుట్టకముందే తాతకి పద్మశ్రీ అడుగుతున్నారు.

దీనికంతటికీ విరుగుడు విలియం కాసిల్ దగ్గర ఉంది. భయపెట్టడం మీద కంటే భయపెడతానని చెప్పడం మీద ఎక్కువ ఖర్చు పెట్టిన అమెరికా దర్శకుడాయన. 1958లో 'మకాబర్' చూస్తూ భయంతో చస్తే వెయ్యి డాలర్లు ఇస్తామని ప్రేక్షకులకు బీమా పత్రాలు పంచాడు. మరుసటేడు 'ది టింగ్లర్' కోసం కొన్ని సీట్ల కింద మోటార్లు బిగించి జనాన్ని వణికించాడు. 1961లో 'హోమిసైడల్' చివరి ఘట్టానికి ముందు తెర మీద గడియారం పెట్టి 45 సెకన్లు గడువు ఇచ్చాడు: భయపడినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, టికెట్టు డబ్బు వాపసు. అయితే పసుపు గీత వెంబడి నడిచి 'పిరికివాళ్ళ మూల'కు వెళ్ళాలి, అందరూ చూస్తుండగా నేను పిరికివాణ్ణని కాగితం మీద సంతకం పెట్టాలి.

మన హాళ్ళలో కూడా అలాంటి మూల ఒకటి పెట్టించాలని నా ప్రతిపాదన. తేడా ఏమిటంటే, భయపడినవాళ్ళు దర్జాగా సీట్లోనే కూర్చుంటారు. సాకుతో వచ్చినవాళ్ళు మాత్రం లేచి వచ్చి సంతకం పెట్టాలి. కాగితం మీద రెండే ముక్కలు: "ఈ సినిమా నాకు నచ్చింది. నచ్చే చూశాను." బల్ల వెనక ఒక గుమాస్తా, బల్ల మీద కలం. మొదటి ఆటకే లైను గేటు దాటుతుంది. ముందు తమరే నిలబడి ఉంటారు. కలం తీసుకుని, కాగితం పైకీ కిందకీ చూసి, గొంతు సవరించుకుని, "బాబూ, 'నచ్చింది' అన్నది కొట్టేసి 'ఆసక్తికరంగా ఉంది' అని రాయొచ్చా?" అని అడుగుతారు.

"రాయొచ్చండీ. దానికి పక్క లైను. కాస్త పొడుగ్గా ఉంది, బస్టాండు దాకా పోవాలి."